పావుగంట ఖాళీ ఉంటే ఏ సేవ చేయొచ్చు? బెంగళూరు తెలుగువాళ్ల కోసం ఒక పోలిక

రెండేళ్ల కిందట ఒక పల్లెటూరి బడిపిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తానని పేరిచ్చాను. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంట. అంతేగా అనుకున్నాను. మొదటి నెల బాగానే సాగింది. రెండో నెలలో ఆఫీసులో రిలీజ్ దగ్గరపడి, క్లాసు వేళకే మీటింగులు మొదలయ్యాయి. ఒక క్లాసు తప్పింది. తర్వాతి వారం ఇంకోటి తప్పింది. ఆ సాయంత్రం అక్కడ బడిలో క్లాసు చూసుకునే అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మీరొస్తారేమోనని పిల్లలు అరగంట టీవీ ముందే కూర్చున్నారు" అంది. కోపంగా అనలేదు, జరిగింది చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకున్న ఖాళీ ఒక రకం, నేను ఒప్పుకున్న పని ఇంకో రకం. చేరే ముందే ఆ తేడా చూసుకోవాల్సింది.

బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉద్యోగాలు చేసే మనవాళ్లలో చాలామందికి ఖాళీ ఉంటుంది, కానీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. క్యాబ్‌లో నలభై నిమిషాలు, పిల్లని డాన్స్ క్లాసులో దింపి బయట కూర్చునే ముప్పావుగంట, రాత్రి అందరూ పడుకున్నాక ఒక ఇరవై నిమిషాలు. రేపు ఎంత దొరుకుతుందో ఇవాళ చెప్పలేం. ఇలాంటి ఖాళీలో ఇంటి నుంచే చేయగల సేవలేమిటో, ఎవరికి ఏది నప్పుతుందో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి. మీరు చెప్పకుండా మానేస్తే అవతల ఎవరైనా ఎదురుచూస్తూ ఉండిపోతారా? పిల్లల క్లాసు అయితే ఉండిపోతారు. పాత పుస్తకంలో ఒక పేజీ దిద్దే పని అయితే పేజీ అలాగే ఉంటుంది, ఎప్పుడైనా మీరో ఇంకొకరో అందుకుంటారు. నా అనుభవంలో మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

రెండోది, మధ్యలో ఆపితే చేసినంత మిగులుతుందా? పది నిమిషాల్లో తలుపు బెల్లు మోగుతుంది, లేదా మేనేజర్ పిలుస్తాడు. అప్పటిదాకా చేసింది పోకూడదు.

మూడోది చిన్న విషయమే గానీ చాలామందిని అక్కడే ఆపేస్తుంది. ఆ పని ఫోన్‌లో అవుతుందా, ల్యాప్‌టాప్ తీయాలా? ల్యాప్‌టాప్ తీస్తే ఆఫీసు మెయిల్ కనిపిస్తుంది, ఇక ఆ ఖాళీ మనది కాదు.

ఇంకొకటి, మీకున్న ఏ విద్య ఆ పనికి పనికొస్తుంది? ఇంగ్లీషు వచ్చి, సాయం చేద్దామనుకునేవాళ్లు ప్రపంచమంతా లక్షల్లో ఉన్నారు. తెలుగు తప్పుల్లేకుండా చదివి, రాసి, అందులో పావుగంట పెట్టేవాళ్లు తక్కువ. మన పావుగంటకు విలువ ఎక్కువ దొరికేది అక్కడే. అయితే బెంగళూరులో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం కన్నడంలోనే. వాళ్లకు నప్పేవి కూడా కింద ఉన్నాయి.

| పని | ఒక విడతకు పట్టేది | దేనితో | మానేస్తే ఎవరైనా ఆగిపోతారా | తెలుగు ఎంత రావాలి |
|---|---|---|---|---|
| గొంతు ఇవ్వడం | 5 నిమిషాలు | ఫోన్ | లేదు | చదవడం వస్తే చాలు |
| చూపు సాయం (బీ మై ఐస్) | 2 నుంచి 5 నిమిషాలు | ఫోన్ | కాల్ ఎత్తాక మాత్రం అవును | మాట్లాడితే చాలు |
| వికీసోర్స్‌లో పేజీ దిద్దడం | 10 నుంచి 25 నిమిషాలు | ల్యాప్‌టాప్ మేలు | లేదు | బాగా |
| పిల్లల కథ అనువాదం | 20 నిమిషాల చొప్పున మూడు నాలుగు విడతలు | ల్యాప్‌టాప్ మేలు | లేదు | బాగా |
| తెలుగు వికీపీడియా | 15 నిమిషాలు | ఏదైనా | లేదు | రాయడం రావాలి |
| మ్యాప్ గీయడం | 20 నుంచి 30 నిమిషాలు | ల్యాప్‌టాప్, మౌస్ | లేదు | అక్కర్లేదు |
| ఆన్‌లైన్ క్లాసు | వారానికి రెండు మూడు గంటలు, ఖాయంగా | ల్యాప్‌టాప్ | అవును, పిల్లలు | చక్కగా మాట్లాడాలి |

సమయాలు నా చేతి వేగాన్ని బట్టి వేసినవి. మీకు కాస్త అటూ ఇటూ అవుతాయి.

పిల్లల కథల అనువాదం: స్టోరీవీవర్

ఇది మన ఊళ్లో పుట్టిందే. బెంగళూరులో ఉన్న ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ మొదలుపెట్టింది. బొమ్మల కథలు ఎన్నో భాషల్లో ఉంటాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, తమ భాషలోకి మార్చవచ్చు. ఊళ్లో టీచరు మీరు తెలుగులోకి తెచ్చిన కథను దించుకుని బడి గోడకు అంటించినా ఎవరినీ అడగనక్కర్లేదు. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. కొత్తవాళ్లు మొదటి స్థాయి తీసుకోండి, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి.

వాక్యాలు చిన్నవే కానీ పని చిన్నది కాదు. నేను ఒక కన్నడ కథ తీసుకున్నాను. ఒక పాప, వాళ్ల అజ్జి, ఒక మేక. మొదటి పేజీలోనే ఆగిపోయాను. కన్నడంలో అమ్మ వాళ్లమ్మా అజ్జే, నాన్న వాళ్లమ్మా అజ్జే. తెలుగులో అమ్మమ్మ అనాలా, నాయనమ్మ అనాలా? బొమ్మలన్నీ మళ్లీ తిరగేశాను. ఏడో పేజీలో పాప నాన్న ఆవిడను "అమ్మా" అని పిలుస్తాడు. అప్పుడు నాయనమ్మ అని రాసుకుని ముందుకు వెళ్లాను. ఇంగ్లీషు కథలో అంకుల్ వస్తే ఇంకా కష్టం. మామయ్యా, బాబాయా, పెదనాన్నా, లేక పక్కింటాయనా? కథంతా చదివితే గానీ తేలదు.

ఇంకో సంగతి. అప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు ఒత్తులు భారం. మేక "శీఘ్రంగా పరుగెత్తింది" అని రాసి, మా ఆరేళ్లవాడికి చదవమని ఇచ్చాను. "శీఘ్ర" దగ్గర వాడు ఆగి నా మొహం చూశాడు. "గబగబా ఉరికింది" అని మార్చాను. అది ఒక్క ఊపున చదివేశాడు.

ఇబ్బంది ఏమిటంటే, మొదటి పావుగంట కథ చదవడానికే పోతుంది. మధ్యలో వారం రోజులు ఆపితే ఆ ధోరణి పోయి, మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. కాబట్టి ఒక శని ఆదివారాల్లో మొదలుపెట్టి అప్పుడే ముగించేలా చూసుకోండి. యంత్రం చేసిన అనువాదాన్ని యథాతథంగా అతికించి ప్రచురించడం మాత్రం చేయకండి. ఎక్కడో ఒక పిల్ల మొదటిసారి తెలుగు చదవడం ఆ వాక్యాలతోనే నేర్చుకుంటుంది.

కన్నడం, తెలుగు రెండూ చదవగలిగినవాళ్లయితే మీరు ముందు చూడాల్సింది ఇదే. రెండు భాషలూ ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసే తేడాలు నిఘంటువులో దొరకవు.

పాత పుస్తకాల పేజీలు దిద్దడం: తెలుగు వికీసోర్స్

ముక్కల ఖాళీకి ఇంతకన్నా సరిపోయే పని నాకు కనబడలేదు. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్లు దాటితే పుస్తకం అందరిదీ అవుతుంది. అలాంటి పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెడతారు. తెర మీద ఒక పక్క పాత పేజీ బొమ్మ, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం ఉంటాయి. రెండూ పోల్చి తప్పులు దిద్దాలి.

తప్పులు భలే రకరకాలుగా ఉంటాయి. "వ"ను "ప"గా, "ధ"ను "థ"గా చదువుతుంది. అరసున్న కనబడితే వదిలేస్తుంది, లేదా నిండు సున్న పెట్టేస్తుంది. పాత అచ్చులో వలపలగిలక, అంటే అక్షరానికి ముందు పలికే "ర్"కు వాడిన గుర్తు, తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది కాబట్టి "ధర్మము" కాస్తా "ధమ౯ము" అయి కూర్చుంటుంది. ఇవి పట్టుకోవాలంటే కన్ను పేజీ మీదే ఉండాలి, మనసు ఇంకెక్కడా ఉండకూడదు. ఆఫీసు టెన్షన్ దించుకోవడానికి నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

పేజీల స్థితి రంగుల్లో తెలుస్తుంది. ఎరుపు ఉంటే ఇంకా ఎవరూ దిద్దలేదని, పసుపు ఉంటే ఒకరు దిద్దారని, ఆకుపచ్చ ఉంటే రెండోవాళ్లు సరిచూశారని అర్థం. దిద్దినవాళ్లే మళ్లీ సరిచూడ్డానికి వీల్లేదు, వేరొకరు చేయాలి. అందుకే కొత్తగా చేరేవాళ్లకు నా సలహా, పసుపు పేజీలతో మొదలుపెట్టండి. అప్పటికే దిద్ది ఉంటుంది కాబట్టి తప్పులు తక్కువ, పద్ధతి కూడా అర్థమవుతుంది. ఒక పేజీ అయ్యాక మూసేస్తే ఏ బాకీ ఉండదు.

ఫోన్‌లో చేయొచ్చు గానీ బొమ్మ, పాఠం రెండూ పక్కపక్కన సరిగా కనబడవు. పాత తెలుగుతో అసలు పరిచయం లేనివాళ్లకు మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

తెలుగు వికీపీడియా

2003 డిసెంబరులో మొదలైంది. కొత్త వ్యాసం రాయాలంటే ఆధారాలు వెతకాలి, అది పావుగంట పని కాదు. కానీ ఉన్న వ్యాసంలో అక్షరదోషం దిద్దడం, మొలక అని గుర్తు పెట్టిన చిన్న వ్యాసానికి పత్రిక ఆధారంతో రెండు వాక్యాలు చేర్చడం పావుగంటలో అవుతాయి. మీ సొంతూరి పేజీ తెరిచి చూడండి. చాలా ఊళ్ల పేజీల్లో జనాభా లెక్కల వివరాలు ఉంటాయి, ఫొటో ఉండదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చెరువు, బడి, గుడి ఫోన్‌తో తీసి వికీమీడియా కామన్స్‌లో ఎక్కించండి. ఒక్క జాగ్రత్త. "మా తాత చెప్పాడు" అన్నది అక్కడ ఆధారం కాదు. రాసింది ఎవరైనా తీసేస్తే బాధపడకుండా అక్కడి రచ్చబండ అనే చర్చా పేజీలో అడిగితే కారణం చెప్తారు.

గొంతు ఇవ్వడం: కామన్ వాయిస్, భాషాదాన్

మొజిల్లా వాళ్ల కామన్ వాయిస్ 2017లో మొదలైంది. కేంద్ర ప్రభుత్వ భాషిణి పథకంలో భాషాదాన్ ఉంది, అందులో గొంతు ఇచ్చే విభాగం బోలో ఇండియా. కామన్ వాయిస్, బోలో ఇండియా రెండింట్లోనూ పని ఒకే తీరు. తెర మీద వచ్చిన వాక్యం చదివి రికార్డు చేయాలి, లేదా ఇంకొకరు చదివింది విని సరిగ్గా ఉందో లేదో చెప్పాలి. ఐదు నిమిషాల్లో కొన్ని వాక్యాలు అయిపోతాయి.

దీని ప్రయోజనం చేసేటప్పుడు కనబడదు. టైప్ చేయడం రాని మనిషి ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే ఫోన్‌కు అర్థం కావాలంటే, అన్ని యాసల గొంతులూ దానికి ముందు వినిపించాలి. సీమ యాస, శ్రీకాకుళం యాస, వరంగల్ యాస, ఆడవాళ్ల గొంతు, ముసలివాళ్ల గొంతు అన్నీ కావాలి. అందుకే చదివేటప్పుడు టీవీ యాంకర్‌లా చదవకండి, మీ యాసలోనే చదవండి.

అయితే ఒకటి తెలిసి చేరండి. కామన్ వాయిస్‌లో పోగైన గొంతులు అందరికీ ఉచితం. విద్యార్థులూ వాడతారు, లాభం కోసం నడిచే కంపెనీలూ వాడతాయి. ఒకసారి బయటికి వెళ్లిన రికార్డింగును పూర్తిగా వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇది మీకు ఇష్టం లేకపోతే వికీసోర్స్ వైపు వెళ్లండి. క్యాబ్‌లో రికార్డు చేయడం కూడా వద్దు, హారన్లే వినబడతాయి. క్యాబ్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే పని చేయండి.

చూపు సాయం: బీ మై ఐస్

చూపు సరిగా లేని హాన్స్ యోర్గెన్ వీబెర్గ్ అనే డెన్మార్క్ ఆయన ఆలోచన ఇది. యాప్ 2015లో వచ్చింది. చూపు లేనివాళ్లకు ఏదైనా చూసి చెప్పేవాళ్లు కావాలంటే వీడియో కాల్ చేస్తారు. మీరు ఎంచుకున్న భాషను బట్టి ఒకేసారి కొందరు వాలంటీర్లకు కాల్ వెళ్తుంది, ముందు ఎత్తినవాళ్లు మాట్లాడతారు. మీకు వాళ్ల కెమెరా కనబడుతుంది, మీ మొహం వాళ్లకు పంపక్కర్లేదు. మీరు ఎత్తలేకపోయినా ఇంకొకరు ఎత్తుతారు.

నాకొచ్చిన మొదటి కాల్‌లో ఒక పెద్దాయన పెరుగు డబ్బా మీద తేదీ చదవమన్నారు. "కొంచెం ఎడమకు తిప్పండి, కిటికీ వైపు. ఇంకొంచెం. ఆఁ, అక్కడే ఆపండి." తేదీ చదివాను. థాంక్స్ చెప్పి పెట్టేశారు. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ రోజంతా నాకు గుర్తుంది.

దీని ఇబ్బంది నిరీక్షణే. సాయం అడిగేవాళ్లకన్నా వాలంటీర్లు ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా 2023 నుంచి బొమ్మ చూసి వివరించే ఏఐ కూడా ఆ యాప్‌లోనే ఉంది. నెలల తరబడి ఫోన్ మోగకపోవచ్చు. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని సేవ చేస్తున్నాననుకుంటే నిరాశ తప్పదు. ఇంకో పనికి తోడుగా ఫోన్‌లో ఉంచుకోండి. మందుల చీటీ చదవమంటే అచ్చులో ఉన్నది ఉన్నట్టే చదవండి, ఊహించి చెప్పకండి.

మ్యాపులు గీయడం

2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు, సహాయ బృందాలకు దారులు చూపే మ్యాపులు సరిగా లేక, ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి, ఎవరైనా దిద్దగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధులు గీశారు. ఆ పని నుంచి హాట్ అనే సంస్థ పుట్టింది. 2015లో నేపాల్ భూకంపం అప్పుడూ వేలమంది ఇలాగే కూర్చుని గీశారు. వాళ్ల టాస్కింగ్ మేనేజర్‌లో ఒక ప్రాంతాన్ని చిన్న గళ్లుగా విడగొట్టి ఇస్తారు. మీరు ఒక గడి తీసుకుని ఇళ్ల కప్పుల చుట్టూ నాలుగు మూలలూ నొక్కి, కీబోర్డులో క్యూ నొక్కితే మూలలు లంబంగా సర్దుకుంటాయి. మీ తర్వాత అనుభవమున్నవాళ్లు సరిచూస్తారు. భాషతో పని లేదు. తెలుగు చదవడం రాని బెంగళూరు తెలుగువాళ్లకు, కంప్యూటర్ మీద చేయి తిరిగిన ఇంటర్ పిల్లలకు ఇది బాగుంటుంది. రోజంతా స్క్రీన్ చూసేవాళ్లు మళ్లీ రాత్రి ఇదే చేస్తే కళ్లు మండుతాయి, నేను అందుకే ఆపేశాను.

ఆన్‌లైన్ క్లాసులు

బెంగళూరు కేంద్రంగా 2011 నుంచి నడుస్తున్న ఇ-విద్యాలోక లాంటి సంస్థలు పల్లెటూరి ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వాళ్ల భాషలోనే వాలంటీర్లతో పాఠాలు చెప్పిస్తాయి. నేను మొదట చెప్పిన అనుభవం వేరే చిన్న సంస్థలో జరిగింది, అందులో తప్పు నాదే. ఈ జాబితాలో పిల్లలు మన పేరు పెట్టి పిలిచే పని ఇది ఒక్కటే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. కానీ క్లాసులు బడి వేళల్లోనే ఉంటాయి. వచ్చే ఆరు నెలలు ఫలానా రోజు ఫలానా గంట నాదేనని ఇవాళ చెప్పగలిగితేనే చేరండి. రిటైరైనవాళ్లు, ఉద్యోగం మానేసి పిల్లల్ని చూసుకుంటున్న తల్లులు చెప్పగలరు. ప్రాజెక్టు మధ్యలో ఉన్నవాళ్లు చెప్పలేరు.

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగంలో కూడా ఆన్‌లైన్ పనులుంటాయి. అవి వారాల తరబడి గడువుతో నడుస్తాయి. డిజైనింగ్, అనువాదం, డేటా పనులు చేతనై, రెండు ఉద్యోగాల మధ్య ఖాళీగా ఉన్నవాళ్లకు పర్వాలేదు.

ఏది ఎవరికి

రోజూ గంటకు పైగా క్యాబ్‌లోనో మెట్రోలోనో గడిపేవాళ్లు గొంతులు విని సరిచూసే పనితో మొదలుపెట్టండి, బీ మై ఐస్ కూడా పెట్టుకోండి. చిన్నపిల్లల తల్లిదండ్రులకు కథల అనువాదం. మీ ఇంట్లోనే మొదటి పాఠకుడు ఉన్నాడు, పైగా బడిలో తెలుగు లేని పిల్లలకు ఆ వంకతో నాలుగు మాటలు అబ్బుతాయి. సర్టిఫికెట్ కావాలనుకునే కాలేజీ పిల్లలు క్లాసుల వైపో ఐక్యరాజ్యసమితి వైపో చూడాలి. మిగతా చోట్ల మీ ఖాతా చరిత్రే మీ సర్టిఫికెట్, అందులో ప్రతి మార్పూ తేదీతో ఉంటుంది.

సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఇంటర్న్‌షిప్ పేరుతో చేర్చుకుని, బంధువుల దగ్గర ఇంత విరాళం పోగుచేస్తేనే సర్టిఫికెట్ ఇస్తామనే చోట చేరకండి. చేరడానికి మిమ్మల్నే ఫీజు అడిగినా అంతే. ఆధార్ కాపీ అడిగితే ఎందుకో అడగండి. పిల్లలతో పని అయితే గుర్తింపు అడగడం న్యాయమే, పేజీలు దిద్దడానికి అక్కర్లేదు. తెలియని సంస్థ అయితే నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో పేరుందో లేదో చూడండి. ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, లేకపోతే మాత్రం ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇంకోటి, పన్ను మినహాయింపు డబ్బు విరాళానికే వస్తుంది, సమయానికి రాదు.

చివరిగా, మనవల్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లో ఉంటున్న పెద్దవాళ్ల గురించి. పొద్దున పదికి అందరూ వెళ్లిపోయాక సాయంత్రం నాలుగు దాకా వాళ్లకు మాట్లాడే మనిషి ఉండరు. మనందరి కన్నా మంచి తెలుగు వాళ్ల దగ్గరే ఉంది. మా నాన్న అనంతపురం జిల్లాలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వికీసోర్స్‌లో ఆయన పేరు మీద ఖాతా తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. నేను రెండుసార్లు చూసి కూడా వదిలేసిన బండి ఱలన్నీ ఆయన ఒక్క చూపులో పట్టుకున్నారు. టైపింగ్ నెమ్మది కాబట్టి మొదటి పేజీకి మూడు రోజులు పట్టింది. పది లైన్లకోసారి భద్రపరచమని మాత్రం గట్టిగా చెప్పాను, మా దగ్గర కరెంటు పోతే నెట్ కూడా పోతుంది.